కార్నర్‌లో నిలబడ్డ అమ్మాయి నోట్‌బుక్: సూపర్‌స్టార్ చుట్టూ టీమ్‌ని ఎలా కడతారో మ్యాచ్ చూస్తూ పట్టుకోవడం

యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో మూడేళ్లు ఆడాను. ఆడాను అనేకన్నా నిలబడ్డాను అంటే సరిగ్గా ఉంటుంది. మా కెప్టెన్ చాలా మంచి ప్లేయర్. మేం వేసే పాయింట్లలో సగం ఆమెవే. మా కోచ్ నాకు చెప్పింది ఒక్కటే మాట: "కుడి కార్నర్‌లో నిలబడు. బాల్ వచ్చినా రాకపోయినా అక్కడి నుంచి కదలకు." మొదటి ఏడాదంతా అది నాకు శిక్షలాగే అనిపించింది. ఒక సెమీఫైనల్లో కెప్టెన్‌ని ఇద్దరు చుట్టుముట్టారు. అయ్యో, ఒక్కతే ఇరుక్కుపోయిందని సాయానికి లోపలికి పరిగెత్తాను. నన్ను గార్డ్ చేస్తున్న అమ్మాయి కూడా నా వెంటే వచ్చేసింది. ఇద్దరి మధ్య ఉన్న మనిషి కాస్తా ముగ్గురి మధ్య పడింది. బాల్ పోయింది, మ్యాచ్ కూడా పోయింది. కోచ్ తిట్టలేదు. మర్నాడు కోర్టు మీద నా చోటు చుట్టూ సుద్దముక్కతో ఒక సున్నా గీశారు. "నువ్వు ఈ సున్నాలో ఉన్నంతసేపూ అవతలి టీమ్‌లో ఒకమ్మాయి నీకు కాపలా ఉండక తప్పదు. కెప్టెన్‌కి నువ్వు చేసే సాయం అదే" అన్నారు.

అప్పటి నుంచి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) మ్యాచ్ చూసినా నా కళ్లు బాల్ మీద నిలవవు, కార్నర్‌కే పోతాయి. మా పిన్ని కొడుకు నాకు పూర్తి వ్యతిరేకం. వాడు ఫోన్లో హైలైట్స్ మాత్రమే చూస్తాడు. చూసి, "అక్కా, ఇంత గొప్ప ప్లేయర్ ఉండి కూడా ఆ టీమ్ ఎందుకు ఓడిపోతోంది?" అని మెసేజ్ పెడతాడు. వాడికి జవాబు చెప్పడానికే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఆ నోట్‌బుక్ ఎలా రాయాలో ఇక్కడ చెబుతున్నాను. బాస్కెట్‌బాల్ రూల్స్ పైపైన తెలిసినా చాలు.

ఒక్కో స్టార్‌కి ఎదురెదురుగా రెండు పేజీలు కేటాయించండి. ఎడమ పేజీలో, ఇతను అవతలి డిఫెన్స్ చేత ఏం చేయిస్తాడు? కుడి పేజీలో, అందుకని ఇతని పక్కన ఎలాంటివాళ్లు ఉండాలి? అడుగున నాలుగు లైన్లు డబ్బు లెక్కకి వదిలేయండి. ఇంకో చిన్న నియమం ఉంది. అవసరాన్ని పెన్నుతో రాయండి, ఆ అవసరం తీరుస్తున్న మనిషి పేరు పెన్సిల్‌తో రాయండి. పేర్లు ఏటా మారతాయి, అవసరం మారదు.

ఒక్క మనిషికి ఇంత బరువు ఎందుకు

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది మొదట్లో మింగుడుపడదు. క్రికెట్‌లో ఎంత గొప్ప బ్యాటరైనా ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కి ఇక అంతే, ఎంత గొప్ప బౌలరైనా వన్డేలో 10 ఓవర్లే. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద ఉండేది ఐదుగురు. మ్యాచ్ 48 నిమిషాలు. స్టార్ అందులో 35 నుంచి 40 నిమిషాలు ఆడగలడు, ప్రతి 24 సెకన్ల అటాక్‌లోనూ బాల్ అతని చేతికి వెళ్లగలదు. అలాంటప్పుడు ముందు ప్లాన్ వేసుకుని అందులో స్టార్‌ని ఇరికించడం కుదరదు. అతని ఒంట్లోంచి, అలవాట్లలోంచి ప్లాన్ పుడుతుంది. ఆ మాటకొస్తే స్టార్ల వల్ల కోర్టు గీతలే మారాయి. జార్జ్ మైకన్ రింగ్ కింద చేరి ఆడుతున్నాడని 1951లో రింగ్ ముందుండే లేన్ వెడల్పుని 6 అడుగుల నుంచి 12కి పెంచారు. తర్వాత విల్ట్ చాంబర్లిన్ వచ్చాక, 1964లో, అది 16 అడుగులైంది.

అలాగని ఒక్కడే గెలిపించేస్తాడా అంటే అదీ లేదు. 1986-87లో మైకేల్ జోర్డన్ మ్యాచ్‌కి సగటున 37.1 పాయింట్లు కొట్టాడు. ఆ సీజన్లో చికాగో బుల్స్ 40 గెలిచి 42 ఓడింది, ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్లోనే బోస్టన్ చేతిలో 3-0తో ఇంటికెళ్లింది. 1989లో ఫిల్ జాక్సన్ హెడ్ కోచ్ అయ్యాక, అసిస్టెంట్ కోచ్ టెక్స్ వింటర్ ఎప్పటి నుంచో నమ్ముకున్న ట్రయాంగిల్ పద్ధతి అమల్లోకొచ్చింది. బాల్ జోర్డన్ చేతిలో ఉండే టైమ్ తగ్గింది, మిగతావాళ్ల చేతుల్లోంచి తిరగడం ఎక్కువైంది. 1991 నుంచి వరసగా మూడు టైటిల్స్. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఆఖరి సెకన్లలో యూటా జాజ్ ప్లేయర్ స్టాక్టన్ తన మనిషిని వదిలి జోర్డన్ మీదికి పరిగెత్తాడు. ఖాళీగా ఉన్న స్టీవ్ కెర్‌కి జోర్డన్ పాస్ ఇచ్చాడు, కెర్ వేశాడు, టైటిల్ ఖాయమైంది. అలా వదిలేసిన మనిషి షాట్ వేయగలవాడై ఉండాలి. టీమ్ కట్టడం అనే పని దాదాపుగా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

ఎడమ పేజీ: బాల్‌ని వదిలేసి చూడండి

మ్యాచ్ రికార్డింగ్ పెట్టుకుని మొదటి ఆరు నిమిషాలు స్టార్ టీమ్ అటాక్ చేసినప్పుడల్లా షాట్ క్లాక్ (ఆ 24 సెకన్లని లెక్కపెట్టే గడియారం) 14 దగ్గర పాజ్ చేయండి. ఆ బొమ్మలో అవతలి టీమ్‌లో ఎంతమంది కళ్లు స్టార్ మీద ఉన్నాయో లెక్కపెట్టండి. ఎంతమంది ఒక కాలు తమ మనిషి వైపు, ఇంకో కాలు స్టార్ వైపు పెట్టుకుని నిలబడ్డారో కూడా. అలా పది అటాక్‌లు చూశాక ఒకే ఒక్క వాక్యం రాయండి. రెండు వాక్యాలు వచ్చాయంటే ఇంకా సరిగ్గా చూడలేదని నా లెక్క.

నా నోట్‌బుక్‌లోవి కొన్ని చెబుతాను. యానిస్ అడెటోకుంబో: "రింగ్ వైపు పరుగెత్తితే ముగ్గురిని లోపలికి లాగుతాడు." నికోలా యోకిచ్: "ఇతను ఎవర్నీ లాగడు, కదిలినవాడి వీపు వెనక పాస్ వేస్తాడు." స్టెఫెన్ కరీ: "రింగ్‌కి 30 అడుగుల దూరంలోనే ఇద్దరిని తన మీదికి తెచ్చుకుంటాడు, బాల్ చేతిలో లేకపోయినా సరే."

కరీ సంగతి దగ్గర్నుంచి చూద్దాం, ఎందుకంటే మిగతా అందర్నీ చదవడం ఇక్కడే వస్తుంది. 2015-16 సీజన్ గోల్డెన్ స్టేట్ వారియర్స్ మ్యాచ్ ఏదైనా పెట్టండి. ఆ ఏడాది కరీ 402 త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు, టీమ్ 82లో 73 మ్యాచ్‌లు గెలిచింది. కరీ సగం కోర్టు దాటి బాల్ కొట్టుకుంటూ వస్తాడు. డ్రేమండ్ గ్రీన్ వచ్చి కరీని గార్డ్ చేస్తున్నవాడికి అడ్డంగా స్క్రీన్ పెడతాడు. మామూలు ప్లేయరైతే ఇక్కడ డిఫెండర్ స్క్రీన్ కిందుగా దూరి అవతలికి వచ్చేస్తాడు. కరీ విషయంలో అలా చేస్తే అర సెకను ఖాళీ దొరుకుతుంది, కరీకి అర సెకను చాలు. అందుకని గ్రీన్‌ని గార్డ్ చేస్తున్నవాడు కూడా కరీ మీదికే దూకుతాడు. ఇద్దరు వచ్చారని చూడగానే కరీ బాల్‌ని గ్రీన్‌కి వదిలేస్తాడు. గ్రీన్ ఫ్రీ త్రో లైన్ దగ్గర, రింగ్ వైపు తిరిగి, బాల్ పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు లెక్కపెట్టండి. ఇద్దరు డిఫెండర్లు కరీ దగ్గరే వెనకబడిపోయారు. ముందు మిగిలింది ముగ్గురు, వాళ్ల మీదికి వస్తున్నది నలుగురు. రింగ్ కింద ఉన్న పెద్ద డిఫెండర్ గ్రీన్‌కి ఎదురొస్తే వాడి తల మీదుగా లాబ్, అంటే రింగ్ దగ్గరికి ఎత్తుగా వేసే పాస్. రాకపోతే గ్రీనే లేఅప్ వేసుకుంటాడు. కార్నర్‌లోంచి ఎవరైనా లోపలికి జరిగారా, ఆ కార్నర్‌కే బాల్ వెళుతుంది. ఇదంతా మూడు సెకన్ల పని. పాయింట్లు ఇంకొకరి పేరు మీద పడతాయి, అసిస్ట్ (పాయింట్లకి దారితీసిన పాస్) గ్రీన్ ఖాతాలోకి వెళుతుంది. స్కోర్ షీట్‌లో కరీ పేరు ఎక్కడా ఉండదు.

హైలైట్స్ చూసేవాళ్లకి అందనిది ఇదే. మా తమ్ముడు ఈ అటాక్‌ని "గ్రీన్ భలే పాస్ ఇచ్చాడు" అని గుర్తుపెట్టుకుంటాడు. నిజమే, ఇచ్చాడు. నలుగురి మీద ముగ్గురే మిగిలిన ఆ పరిస్థితిని కొనిపెట్టింది మాత్రం కరీ.

కుడి పేజీ: ఇది అవసరాల జాబితా

ఇప్పుడు ఎదురు పేజీకి రండి. కరీకి ఇద్దరు వస్తారు కాబట్టి, బాల్ అందుకున్నవాడు పరుగు మీదే ఒక్క సెకనులో నిర్ణయం తీసుకోగల పెద్ద ప్లేయరై ఉండాలి. వాడికి షూటింగ్ అంతగా రాకపోయినా పర్లేదు. నేను పెన్నుతో రాసింది ఈ అవసరం, పెన్సిల్‌తో రాసిన పేరు గ్రీన్. 2012 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ప్లేయర్లని వంతులవారీగా ఎంచుకునే చోటు) గ్రీన్‌ది 35వ స్థానం, అంటే 34 మందిని ఎంచుకున్నాక అతని పేరు పిలిచారు. ఇంకో టీమ్‌కి వెళ్లి ఉంటే మంచి డిఫెండర్ అనిపించుకుని ఉండేవాడేమో. కరీ పక్కన ఆడాడు కాబట్టి నాలుగు టైటిల్స్ గెలిచిన టీమ్‌కి రెండో ఇంజిన్ అయ్యాడు. మంచి ప్లేయర్, సరిపోయే ప్లేయర్ ఒకటి కాదని ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలీదు.

యానిస్ కుడి పేజీ దీనికి తలకిందులు. ముగ్గురు లోపలికి వస్తారు కనుక మిగతా నలుగురూ బయట నిలబడి త్రీలు వేయగలగాలి. చిక్కల్లా సెంటర్ దగ్గర. సెంటర్ అంటే మామూలుగా రింగ్ కిందే ఉంటాడు, తనతో పాటు అవతలి టీమ్‌లో అందరికన్నా పొడుగువాణ్ణి కూడా అక్కడే ఉంచుతాడు. యానిస్ పరుగెత్తే దారికి అడ్డంగా గోడ కట్టినట్టే. 2018 వేసవిలో మిల్వాకీ బక్స్ చేసిన పని చూడండి. బ్రూక్ లోపెజ్ అనే ఏడడుగుల సెంటర్‌ని ఏడాదికి 34 లక్షల డాలర్లకే తెచ్చుకుంది, ఎన్‌బీఏ లెక్కల్లో అది చిల్లర. లోపెజ్ తన మొదటి 8 సీజన్లలో కలిపి వేసిన త్రీలు మూడంటే మూడు. ఆ తర్వాత నేర్చుకున్నాడు. బక్స్‌లో అతన్ని త్రీ పాయింట్ గీతకి చాలా వెనక నిలబెట్టారు, అవతలి పొడుగు డిఫెండర్ వెంట రాక తప్పలేదు, రింగ్ ముందు ఖాళీ అయింది. అదే వేసవిలో కోచ్‌గా మైక్ బూడెన్‌హోల్జర్ కూడా వచ్చాడు. అంతకుముందు 44 గెలిచిన టీమ్ ఆ సీజన్లో 60 గెలిచింది, యానిస్ ఎంవీపీ (లీగ్‌లో ఆ సీజన్ అత్యుత్తమ ప్లేయర్) అయ్యాడు. నాకు మాత్రం ఆ 34 లక్షల డాలర్లే గుర్తుండిపోయాయి.

యోకిచ్ పక్కన ఉండాల్సింది ఆగకుండా కదిలేవాళ్లు. అతని పాస్ ఖాళీ చోటుకి వెళుతుంది, మనిషి ఆ వేళకి అక్కడికి చేరాలి. 2021 మార్చిలో డెన్వర్ నగెట్స్ ఒర్లాండో నుంచి ఏరన్ గోర్డన్‌ని తెచ్చింది. ఒర్లాండోలో గోర్డన్ చేత స్టార్ పాత్ర వేయించారు, అంతగా నప్పలేదు. డెన్వర్‌లో అతని పని రింగ్ వెనక పక్కన నక్కి ఉండటం, డిఫెండర్ తల తిప్పగానే రింగ్ మీదికి లేవడం, అవతలి చివర అవతలి టీమ్ స్టార్‌ని గార్డ్ చేయడం. 2023లో టైటిల్ గెలిచారు. స్టార్ పాత్రలోంచి దిగి వచ్చి సుఖపడినవాళ్లు తక్కువే, గోర్డన్ వాళ్లలో ఒకడు. నాకు అతనంటే ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నా కార్నర్. త్రీ పాయింట్ గీత ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది, కార్నర్లలో 22 అడుగులే. దూరం తక్కువ, కనుక అక్కడున్నవాణ్ణి వదిలేయడం ఖరీదైన తప్పు. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఆఖరి 20 సెకన్లు చూడండి. శాన్ ఆంటోనియో మూడు పాయింట్లు ముందుంది, గెలిస్తే టైటిల్ వాళ్లదే. మయామి స్టార్ లెబ్రాన్ జేమ్స్ త్రీ వేశాడు, పడలేదు. అతని టీమ్‌లోని క్రిస్ బోష్ రీబౌండ్ (రింగ్‌కి తగిలి వెనక్కొచ్చిన బాల్) పట్టాడు. ఇప్పుడు వెనక్కి తిప్పి, బాల్‌ని వదిలేసి, మయామి షూటర్ రే ఆలెన్ కాళ్లు మాత్రమే చూడండి. రింగ్ దగ్గర ఉన్నవాడు వెనక్కి వెనక్కి, గీత వైపు చూడకుండానే, చిన్న చిన్న అడుగులేస్తూ కుడి కార్నర్‌కి చేరతాడు. బోష్ పాస్ అందే వేళకి రెండు కాళ్లూ గీతకి అవతల ఉన్నాయి. ఇంకా 5.2 సెకన్లు ఉండగా స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో మయామి గెలిచింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచింది. ఆలెన్ అలా వెనక్కి నడిచి వేయడాన్ని ముందు నుంచే సాధన చేసేవాడు. లెబ్రాన్ దగ్గరికి అందరూ మూగుతారని తెలిసిన టీమ్ 2012లో అతన్ని తెచ్చుకున్నది ఇలాంటి షాట్ కోసమే.

కుడి పేజీ చూసుకోకుండా పేరు చూసి కొంటే ఏమవుతుందో 2021 లాస్ ఏంజిలిస్ లేకర్స్‌ని చూస్తే తెలుస్తుంది. అప్పటికి లేకర్స్‌లో ఉన్న లెబ్రాన్ చేతిలో బాల్ ఉంటుంది, కాబట్టి పక్కన కావలసింది షూటర్లు, డిఫెండర్లు. లేకర్స్ ఆ పని చేస్తున్నవాళ్లని ఇచ్చేసి రసెల్ వెస్ట్‌బ్రుక్‌ని తెచ్చుకుంది. వెస్ట్‌బ్రుక్ మాజీ ఎంవీపీ, అందులో అనుమానం లేదు. అతనికీ చేతిలో బాల్ ఉండాలి, బయటి నుంచి అతని షాట్‌ని డిఫెండర్లు లెక్కచేయరు. అతన్ని గార్డ్ చేయాల్సినవాడు హాయిగా లెబ్రాన్ దారిలో నిలబడ్డాడు. 33 గెలిచారు, 49 ఓడారు. ఒకే పొయ్యి మీద రెండు పెద్ద గిన్నెలు పెట్టినట్టయింది.

స్టార్ బెంచ్ మీద కూర్చున్నప్పుడే అసలు పరీక్ష

మ్యాచ్‌లో అందరూ ఫోన్ చూసుకునే టైమ్ ఇది. స్టార్ కూర్చున్న పది పన్నెండు నిమిషాలు. నోట్‌బుక్ ఉన్నవాళ్లు ఆ టైమ్‌లో అస్సలు లేవకూడదు. స్టార్ బయటికెళ్లినప్పుడు స్కోరు ఎంత, తిరిగొచ్చేటప్పటికి ఎంత, ఈ రెండు అంకెలు రాసుకోండి. పది మ్యాచ్‌లు రాస్తే టీమ్ ఎంత గట్టిదో మీకే అర్థమవుతుంది.

యోకిచ్ కోర్టు మీదుంటే డెన్వర్ గొప్ప టీమ్, కూర్చుంటే మామూలుకన్నా తక్కువ టీమ్. ఏళ్ల తరబడి ఇదే కథ. అతని ఆట అంత ప్రత్యేకమైంది కాబట్టి ఇంకో సెంటర్‌ని దింపి అదే ప్లాన్ ఆడలేరు. 2023 ప్లేఆఫ్స్‌లో కోచ్ మైకేల్ మలోన్ ఆ పని మానేశాడు. యోకిచ్ లేనప్పుడు గోర్డన్‌ని సెంటర్ చోటుకి జరిపి, చిన్న సైజు టీమ్‌తో, ఇంకో రకం ఆట ఆడించాడు. స్టార్ లేనప్పుడు కోచ్ అదే ప్లాన్‌ని నాసిరకంగా నడుపుతున్నాడా, వేరే ప్లాన్‌కి మారుతున్నాడా అనేది తప్పకుండా గమనించండి. నా అనుభవంలో రెండోదే నయం.

అడుగున ఆ నాలుగు లైన్లు: డబ్బు

ఇది చదవకుండా దాటేయాలనిపిస్తుంది, దాటేయకండి. ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని వదులుకుంటారో నిర్ణయమయ్యేది ఇక్కడే. ఎన్‌బీఏలో టీమ్ జీతాలకి సాలరీ క్యాప్ అని ఒక పరిమితి ఉంది. 2024-25లో అది సుమారు 14 కోట్ల 6 లక్షల డాలర్లు. ఒక ప్లేయర్‌కి ఇవ్వగలిగే గరిష్ఠ జీతం కూడా ఈ క్యాప్‌లో వాటానే. అనుభవం ఆరేళ్లలోపైతే 25 శాతం, 7 నుంచి 9 ఏళ్లయితే 30, పదేళ్లు నిండితే 35 మామూలు లెక్క, పెద్ద అవార్డులు వస్తే ఇంకాస్త ముందే పై మెట్టు ఎక్కొచ్చు. సొంత ప్లేయర్లని నిలబెట్టుకోవడానికి క్యాప్ దాటే వెసులుబాటు ఉంది, దాన్ని పాత తరం స్టార్ లారీ బర్డ్ పేరుతోనే పిలుస్తారు.

గరిష్ఠ జీతం అని ఉండటం వల్ల ఒక విచిత్రం జరుగుతుంది. లీగ్‌లో అందరికన్నా గొప్పవాడికీ, ఇరవయ్యో స్థానంలో ఉన్నవాడికీ ఒకే జీతం ఉండొచ్చు. మొదటివాడు మీ టీమ్‌లో ఉంటే ఎంత ఇచ్చినా చవకే. రెండోవాడికి అంతే ఇస్తే టీమ్ నడుం విరుగుతుంది. అందుకే "సూపర్‌స్టార్" అనే మాటని నేను పిసినారిలా వాడతాను. నోట్‌బుక్‌లో రెండు పేజీలు ఇవ్వదగ్గవాళ్లు ఏ సీజన్లోనూ పది పన్నెండు మందికి మించలేదు.

చవకగా దొరికిన స్టార్ టీమ్‌ని ఎంత మారుస్తాడో చూడాలంటే మళ్లీ కరీ దగ్గరికే రావాలి. 2012లో, చీలమండ గాయాలు వదలని రోజుల్లో, నాలుగేళ్లకి 4.4 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఒప్పందం నడుస్తుండగానే రెండుసార్లు ఎంవీపీ అయ్యాడు. 2016లో కొత్త టీవీ ఒప్పందం డబ్బు వచ్చిపడి సాలరీ క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.4 కోట్ల డాలర్లకి ఎగిరింది. కరీ జీతం మాత్రం పాతదే. ఆ సందులోంచే 73 మ్యాచ్‌లు గెలిచిన టీమ్‌లోకి ఇంకో స్టార్ కెవిన్ డ్యూరాంట్ నడుచుకుంటూ వచ్చేశాడు.

డెన్వర్‌కి దీనికి ఎదురు జరిగింది. 2023 టైటిల్‌లో బ్రూస్ బ్రౌన్ బెంచ్ మీద నుంచి వచ్చి బాగా ఆడాడు. ఏడాదే ఉన్నాడు కనుక రూల్స్ ప్రకారం డెన్వర్ ఏడాదికి 78 లక్షల డాలర్లకి మించి ఇవ్వలేదు. ఇండియానా రెండేళ్లకి 4.5 కోట్లు ఇస్తానంది. ఇక ఆపేదెవరు? నా డెన్వర్ పేజీలో పెన్సిల్ పేరు చెరిపేసిన మచ్చ ఇంకా ఉంది.

2023లో లీగ్‌కీ ప్లేయర్ల సంఘానికీ మధ్య వచ్చిన కొత్త ఒప్పందం ఈ ముడిని ఇంకా బిగించింది. జీతాలు సెకండ్ ఏప్రన్ అనే పై గీత దాటితే, అంటే 2024-25లో దాదాపు 18.9 కోట్ల డాలర్లు దాటితే, చేతులు కట్టేస్తారు. ఇద్దరు ముగ్గురు ప్లేయర్ల జీతాలు కలిపి ఒక పెద్ద ప్లేయర్‌ని ట్రేడ్‌లో (టీమ్‌ల మధ్య ప్లేయర్ల మార్పిడి) తెచ్చుకోవడం కుదరదు, పంపిన జీతంకన్నా ఎక్కువ వెనక్కి తీసుకోవడం కుదరదు. ఫీనిక్స్ సన్స్ సరిగ్గా అప్పుడే డెవిన్ బుకర్ పక్కన డ్యూరాంట్‌ని, బ్రాడ్లీ బీల్‌ని చేర్చింది. ముగ్గురూ స్కోరర్లే, పెద్ద జీతాలే, డ్రాఫ్ట్ పిక్‌లు (వచ్చే డ్రాఫ్ట్‌లలో ప్లేయర్లని ఎంచుకునే హక్కులు) దాదాపు అన్నీ ముందే ఇచ్చేశారు. 2024 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో మిన్నెసోటా చేతిలో 4-0. మరుసటి ఏడాది 36 గెలుపులు, ప్లేఆఫ్స్ కూడా లేవు. ఆ టీమ్‌కి నేను మూడు ఎడమ పేజీలు రాశాను, మూడింట్లోనూ దాదాపు ఒకే వాక్యం వచ్చింది.

ఓక్లహోమా సిటీ థండర్ అటు నుంచి నరుక్కొచ్చింది. 2019లో పాల్ జార్జ్‌ని క్లిప్పర్స్‌కి పంపి షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్‌తో పాటు ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు తీసుకుంది. అందులో ఒకటి 2022లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్ అయింది. షాయ్ ఎంవీపీ స్థాయికి వచ్చేటప్పటికి విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్ ఇంకా చవకైన రూకీ (కొత్త ప్లేయర్ల) జీతాల మీదే ఉన్నారు. మిగిలిన డబ్బుతో 2024 వేసవిలో సెంటర్ ఐజయా హార్టెన్‌స్టైన్ వచ్చాడు. 2025లో టైటిల్. ఆ జులైలోనే ముగ్గురికీ కొత్త భారీ ఒప్పందాలు, ఒక్క షాయ్‌కే నాలుగేళ్లకి 28.5 కోట్ల డాలర్లు. కాబట్టి ఓక్లహోమా పేజీ అడుగున ఇప్పుడు నేను రాసుకున్న ప్రశ్న ఒకటే. బెంచ్ మీద నుంచి ముందు వెళ్లిపోయేదెవరు?

అవతలివాళ్లు కూడా ఇదే నోట్‌బుక్ రాస్తారు

రెగ్యులర్ సీజన్లో ప్రతి టీమ్ 82 మ్యాచ్‌లు ఆడుతుంది, ఒక ప్రత్యర్థి గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ప్లేఆఫ్స్‌లో ఒకే టీమ్‌తో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి. అప్పుడు అవతలి కోచ్ మీ ఎడమ పేజీ చదివేస్తాడు. 2019లో టొరొంటో మిల్వాకీ చేతిలో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడాక యానిస్ మీదికి కవై లెనార్డ్‌ని మార్చింది, వెనక ఇంకో ఇద్దర్ని వరసగా నిలబెట్టింది. వరసగా నాలుగు గెలిచింది. అదే టొరొంటో ఫైనల్స్‌లో వారియర్స్ షూటర్ క్లే థాంప్సన్ గాయపడి బయటికెళ్లగానే కరీ ఒక్కడికే ఒక మనిషిని అంటగట్టి మిగతా నలుగురినీ పెట్టెలా నిలబెట్టింది. స్కూలు పిల్లల మ్యాచ్‌ల్లో చూసే డిఫెన్స్ అది. వారియర్స్‌కి ఐదు నిమిషాలకి పైగా ఒక్క పాయింట్ కూడా రాలేదు. చివరికి ఆ మ్యాచ్‌ని కాపాడింది ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన ఆండ్రీ ఇగుడాలా త్రీ.

డిఫెన్స్ వైపు కూడా ఒక కన్నేయండి. స్టార్ డిఫెన్స్‌లో బలహీనుడైతే అతన్ని ఎవరి మీద దాస్తున్నారు, అవతలివాళ్లు స్క్రీన్లు పెట్టి పదే పదే అతన్నే బయటికి లాగుతున్నారా? 2016 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో 89-89 దగ్గర క్లీవ్‌లాండ్ ప్లేయర్ కైరీ ఇర్వింగ్ త్రీ వేసింది తన ముందుకి మారిన కరీ మీదే.

స్టార్ మారగలడా అన్నది ఆఖరి ప్రశ్న. యానిస్ మారాడు. 2020 నవంబర్‌లో జ్రూ హాలిడే వచ్చాక యానిస్ బాల్‌ని హాలిడేలాంటివాళ్ల చేతికిచ్చి, స్క్రీన్ పెట్టి, రింగ్ వైపు దూకడం ఎక్కువ చేశాడు. 2021 ఫైనల్స్ ఐదో మ్యాచ్ ఆఖర్లో హాలిడే ఫీనిక్స్ స్టార్ బుకర్ చేతిలోంచి బాల్ లాక్కుని ముందుకి చూస్తే యానిస్ అప్పటికే చెయ్యెత్తి పరిగెత్తుతున్నాడు. లాబ్, డంక్. ఆరో మ్యాచ్‌లో 50 పాయింట్లు.

ఒక పేజీ పూర్తిగా

2025 ఫిబ్రవరి మొదట్లో డాలస్ లూకా డాంచిచ్‌ని లేకర్స్‌కి పంపినప్పుడు మా తమ్ముడు రాత్రంతా మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. "ఇక లేకర్స్‌కి తిరుగులేదు" అన్నాడు. నేను లూకా పేజీ తీశాను. ఎడమవైపు ఇలా ఉంది: "నెమ్మదిగా వచ్చి, స్క్రీన్ వాడుకుని, అవతలి సెంటర్‌ని పైకి రప్పించి, వాడి తల మీదుగానో కార్నర్‌కో పాస్ వేస్తాడు." కుడివైపు పెన్నుతో మూడు లైన్లు. ఒకటి, లాబ్ అందుకునే సెంటర్. రెండు, కార్నర్ షూటర్లు. మూడు, లూకాకి బదులు అవతలి స్టార్‌ని గార్డ్ చేసేవాడు. 2024లో డాలస్ దగ్గర మొదటి లైన్‌కి డెరెక్ లైవ్లీ, డానియల్ గాఫర్డ్ ఇద్దరూ ఉన్నారు, ఫైనల్స్ దాకా వెళ్లారు. లేకర్స్ లూకా కోసం ఇచ్చిందే తమ పెద్ద ప్లేయర్ ఆంథొనీ డేవిస్‌ని. మొదటి లైన్ ఎదురుగా పెన్సిల్ పేరు లేదు. కొద్ది రోజులకే లేకర్స్ షార్లెట్ నుంచి సెంటర్ మార్క్ విలియమ్స్‌ని తెచ్చుకుంది, మెడికల్ పరీక్ష తర్వాత ఆ ట్రేడ్‌ని రద్దు చేసుకుంది. లైన్ మళ్లీ ఖాళీ.

ఏప్రిల్లో మొదటి రౌండ్‌లోనే మిన్నెసోటా చేతిలో 4-1. ఆఖరి మ్యాచ్‌లో అవతలి సెంటర్ రూడీ గోబేర్ 27 పాయింట్లు, 24 రీబౌండ్లు. మ్యాచ్ అయ్యాక తమ్ముడు ఎప్పటిలాగే "ఎందుకక్కా?" అన్నాడు. ఫిబ్రవరి తేదీ వేసి ఉన్న ఆ పేజీని ఫొటో తీసి పంపాను. ఖాళీ లైన్‌కి వాడే ఎర్రగా సున్నా చుట్టి తిరిగి పంపాడు.

ఆ వేసవిలో డియాండ్రే ఏటన్ లేకర్స్‌కి వచ్చాడు. "ఇప్పుడు నిండిందా?" అని అడిగాడు. పెన్సిల్‌తో రాశాను, కాస్త లేతగానే.